మారెడు గడ్డల తీగ (నన్నారి) అడవి సమూహాల్లో జన్యు వైవిధ్యం: చోటుకి ఎన్ని మొక్కలు, ఏ మార్కర్, పని ఎక్కడ చెడుతుంది?

నల్లమల_తీగ
అందరికీ నమస్కారం. డెకాలెపిస్ హామిల్టోనియై, అంటే మన నన్నారి షర్బత్ గడ్డల తీగ, అడవిలో ఎంత జన్యు వైవిధ్యంతో మిగిలి ఉందో చూడాలని ప్లాన్ వేస్తున్నాను. అనుకున్న చోట్లు ఆరు: నల్లమలలో రెండు, లంకమల, పాలకొండలు, శేషాచలం, హార్స్‌లీ కొండలు. చోటుకి 10 మొక్కలు, 10 ఐఎస్ఎస్ఆర్ ప్రైమర్లు (ఐఎస్ఎస్ఆర్ అంటే డీఎన్ఏలోని పునరావృతాల మధ్య భాగాలను పెంచి అగరోజ్ జెల్ మీద గీతలుగా చూసే మార్కర్; ప్రైమర్ అంటే ఆ పెంపకం మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క).

నా సందేహాలు ఇవి. పది మొక్కలు సరిపోతాయా? నమూనా ఆకుల నుంచి డీఎన్ఏ తీస్తే గోధుమరంగు జిగురు ముద్ద వస్తోంది, పీసీఆర్‌లో (డీఎన్ఏ ప్రతులు పెంచే చర్య) ఏమీ పలకడం లేదు, ఏం చేయాలి? ఐఎస్ఎస్ఆర్‌తో ఇప్పుడు పేపర్ ఒప్పుకుంటారా? చివరగా, ఈ ఫలితాలను బట్టి నర్సరీకి గింజ ఎక్కడినుంచి తేవాలో చెప్పగలమా?

ఆకు_ఈనె
మిగతావాళ్లు లెక్కలు చెప్పేలోపు ఒక మాట. ముందు మొక్క అదేనని తేల్చుకోండి. గడ్డ వాసన చూసి నమ్మొద్దు. సుగంధపాల, అంటే హెమిడెస్మస్ ఇండికస్, వేరులోనూ మారెడు గడ్డలోనూ ఆ వాసన ఇచ్చే ప్రధాన పదార్థం ఒక్కటే: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. రెండూ ఒకే ఉపకుటుంబం, రెండింటికీ తెల్లటి పాలు, రెండూ తీగలే. ఊళ్లో రెండింటినీ నన్నారి అనే అంటారు.

తేడా చూడాల్సింది వేరు లావు, ఆకు, కాయల్లో. సుగంధపాల వేరు సన్నగా, చెక్కలా, తుప్పురంగులో పగుళ్లతో ఉంటుంది. ఆకు సన్నం, చాలాసార్లు నడిఈనె వెంట తెల్లటి చార. కాయలు సన్నగా పొడుగ్గా జంటగా వేలాడతాయి. మారెడు తీగ ఆకు వెడల్పు, కాయ లావుగా బొద్దుగా ముదిరాక చెక్కలా గట్టిపడుతుంది, గడ్డ కండ పట్టి వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉంటుంది. చోటుకి కనీసం రెండు మొక్కలకు ఐటీఎస్ అనే, జాతిని గుర్తుపట్టడానికి వాడే డీఎన్ఏ భాగాన్ని సీక్వెన్స్ చేసి పెట్టుకోండి. చోటుకొకటి చొప్పున పూతో కాయో ఉన్న కొమ్మను హెర్బేరియం షీటుగా చేసి, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో అనంతపురం ఎస్కే యూనివర్సిటీలోనో ఇచ్చి నంబరు తీసుకోండి. ఆ నంబరు లేని పేపర్ ఎంత బాగున్నా, తరువాత ఎవరికైనా అనుమానం వస్తే తీర్చే దారి ఉండదు.

లెక్కల_మూట
పది చాలవు. లెక్క చూడండి. సమూహంలో 5 శాతం తరచుదనంతో ఒక అల్లీల్ (ఒకే జన్యు స్థానంలో ఉండగల రూపాల్లో ఒకటి) ఉందనుకుందాం. మొక్కకి రెండు ప్రతులు కాబట్టి పది మొక్కలంటే 20 ప్రతులు. అన్నింట్లోనూ ఆ అల్లీల్ తప్పిపోయే అవకాశం 0.95ని 20 సార్లు గుణిస్తే వచ్చేది, అంటే 36 శాతం. మూడింట ఒకసారి మీ కంటికే పడదు. 30 మొక్కలు తీస్తే, 60 ప్రతులకి, ఆ అవకాశం 5 శాతం లోపు పడిపోతుంది. 30 అనే అంకె వచ్చింది అందుకే. గాలిలోంచి కాదు.

ఐఎస్ఎస్ఆర్ అయితే పది ఇంకా ప్రమాదం. అది డామినెంట్ మార్కర్: గీత ఉంటే ఆ మొక్కలో అల్లీల్ ఒక ప్రతి ఉందో రెండున్నాయో తెలియదు. గీత లేని మొక్కల నిష్పత్తికి వర్గమూలం తీసి శూన్య అల్లీల్ (గీత ఇవ్వని రూపం) తరచుదనం అంచనా వేస్తాం. గీత లేని మొక్కలు ఒకటో రెండో ఉన్నచోట ఆ వర్గమూలం అడ్డదిడ్డంగా ఊగుతుంది. అందుకే లించ్, మిల్లిగన్ 1994లో ఒక హద్దు పెట్టారు: గీత తరచుదనం 1 - 3/ఎన్ (ఎన్ అంటే తీసిన మొక్కల సంఖ్య) కంటే ఎక్కువున్న స్థానాలు పక్కన పెట్టమని. ఎన్ పది అయితే హద్దు 0.7, అంటే చాలా గీతలు పారేసుకోవాల్సి రావచ్చు. ఎన్ 30 అయితే హద్దు 0.9.

కొన్ని చోట్ల 30 దొరకవు, తెలిసిందే. దొరికినన్ని తీయండి. కాకపోతే అల్లీళ్ల సంఖ్య పోల్చేటప్పుడు రేరిఫాక్షన్‌తో అందరినీ తక్కువ సంఖ్యకి దించి పోల్చాలి. 30 మొక్కల చోటును 14 మొక్కల చోటుతో నేరుగా పోల్చి 'ఇక్కడ వైవిధ్యం ఎక్కువ' అనడం చాలా థీసిస్‌లలో కనిపించే తప్పు.

అడవిదారి
అడవిలో పని గురించి నేను చెబుతాను.

అనుమతి ముందు. శేషాచలంలో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, లంకమలలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రిజర్వు. వీటిలో ఆకు తెంపాలన్నా డీఎఫ్‌ఓ సంతకం ఒక్కటే సరిపోదు, వన్యప్రాణి విభాగం ద్వారా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కృష్ణ అవతల అమ్రాబాద్ వైపు కూడా తీయదలిస్తే తెలంగాణకు వేరే దరఖాస్తు. దరఖాస్తులో 'మొక్కకి 3 నుంచి 5 ఆకులు, వేరు తవ్వము' అని స్పష్టంగా రాయండి. గడ్డ తవ్వకం అనే మాట కనబడితే ఫైలు అక్కడే ఆగుతుంది, ఆగడమూ న్యాయమే.

మొక్కకీ మొక్కకీ మధ్య 30 నుంచి 50 మీటర్లు ఉండాలి. ఇది బండల మీద, పొదల మీద అల్లుకుపోయే తీగ. రెండు పొదల మీద కనిపించే ఆకులు ఒకే మొదలువి కావచ్చు. ప్రతిసారీ తీగను మొదలు దాకా వెతికి పట్టుకోవాలి. గడ్డ తవ్వినచోట మిగిలిన మొదలు మళ్లీ చిగురిస్తే ఆ చిగుళ్లన్నీ ఒక్క మొక్కే. ఇది పట్టించుకోకపోతే ఒకే జన్యురూపం మూడుసార్లు లెక్కలోకి వస్తుంది.

దారి పక్కనే నడిచి 30 తీసుకుని రావద్దు. దారి పక్కవి ముందే తవ్వేసి ఉంటారు, అక్కడ ఉన్నవి లేత మొక్కలు. నిటారు బండల సందుల్లో, చేయి అందనిచోట పెద్ద తీగలుంటాయి. రెండు రకాల చోట్ల నుంచీ తీసి, ఏది ఎక్కడిదో రాసుకోండి.

ఇంకోటి, మీ చోట్ల ఎంపిక మార్చాలి. పెన్న అడ్డమో కాదో తెలియాలంటే సిద్ధవటం దగ్గర నదికి అటు లంకమల వైపు ఒకటి, ఇటు పాలకొండల వైపు ఒకటి, దగ్గరదగ్గరగా ఎంచుకోండి. ఆ రెండింటి మధ్య ఉన్నంత దూరమే నది అడ్డులేకుండా ఉండే మరో జత నల్లమలలో ఎంచుకోండి. అప్పుడే తేడా వచ్చింది నది వల్లనా, ఊరికే దూరం వల్లనా అని విడదీయగలరు. గింజకి పట్టుకుచ్చు ఉంది, గాలికి ఎగురుతుంది. నది దాటలేదని ముందే అనుకోవడానికి వీల్లేదు.

నల్లమల_తీగ
అడవిదారి గారూ, ఆకులు ఏ కాలంలో తీయాలి? ఐస్ బాక్సులో తెస్తే సరిపోతుందా?

అడవిదారి
తొలకరి తరువాత వచ్చిన లేత ఆకులు. ఎండాకాలం చివరి ముదురాకుల్లో ఫినాల్ పదార్థాలు ఎక్కువ, అదే మీ గోధుమరంగు ముద్దకు సగం కారణం. ఐస్ బాక్సు వద్దు. మూడోరోజుకి ఐస్ కరిగి ఆకు నల్లబడుతుంది. సిలికా జెల్ వాడండి, బరువులో ఆకు ఒక వంతుకి జెల్ పది వంతులు. ఆకు తెంపగానే తొడిమ దగ్గర పాలు కారతాయి. రెండు నిమిషాలు వేలాడదీసి, టిష్యూతో అద్ది, అప్పుడు కాగితపు సంచిలో పెట్టి జెల్‌లోకి. ఆకు 24 గంటల్లో పెళుసుగా విరగాలి. వంగుతోందంటే జెల్ మార్చాలి. నీలిరంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, చేతులకి మంచిది కాదు. నారింజరంగుది తీసుకోండి.

జెల్_గీత
ఇక ఆ జిగురు ముద్ద. అందులో మూడు కలిసి ఉన్నాయి: పాలలోని జిగురు, పాలీశాకరైడ్లు, ఆక్సీకరణ చెందిన పాలీఫినాల్స్. మామూలు సీటాబ్ (డీఎన్ఏ తీయడానికి వాడే డిటర్జెంట్) పద్ధతి ఒక్కటే వీటిని వదిలించదు. సార్బిటాల్ ముందుకడుగు చేర్చండి.

సార్బిటాల్ ద్రావణం 100 మి.లీ.కి: సార్బిటాల్ 6.4 గ్రా., 1 మోలార్ ట్రిస్ పీహెచ్ 8.0 ది 10 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ., పీవీపీ 1 గ్రా. వాడే ముందు మి.లీ.కి 10 మైక్రోలీటర్ల బీటా-మెర్కాప్టోఇథనాల్.

సీటాబ్ ద్రావణం 100 మి.లీ.కి: సీటాబ్ 2 గ్రా., ఉప్పు అంటే సోడియం క్లోరైడ్ 11.7 గ్రా., 1 మోలార్ ట్రిస్ 10 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 4 మి.లీ., పీవీపీ-40 2 గ్రా. దీనికీ వాడే ముందే మెర్కాప్టోఇథనాల్. మామూలు రెసిపీలో ఉప్పు 1.4 మోలార్ అని ఉంటుంది, ఇక్కడ కావాలనే 2 మోలార్ చేశాను. ఉప్పు ఎక్కువైతే పాలీశాకరైడ్ డీఎన్ఏతో పాటు దిగకుండా పైనే ఉండిపోతుంది.

చేసే తీరు ఇది. ఎండిన ఆకు 20 నుంచి 30 మి.గ్రా. మాత్రమే. 'ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్ఏ' అని 100 మి.గ్రా. వేసేవాళ్లకి వచ్చేది ఎక్కువ జిగురు. పొడి చేశాక 1 మి.లీ. సార్బిటాల్ ద్రావణం పోసి బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి పై నీళ్లు పారబోయండి. పై నీళ్లు జిగటగా ఉంటే మళ్లీ. రెండు, ఒక్కోసారి మూడుసార్లు. అడుగున ఉన్నదానికి 65 డిగ్రీల వేడి సీటాబ్ 700 మైక్రోలీటర్లు పోసి 45 నిమిషాలు ఉంచండి. పది నిమిషాలకొకసారి తలకిందులు చేయాలి. గది వేడికి చల్లార్చి, సమానంగా క్లోరోఫాం-ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1, పది నిమిషాలు మెల్లగా కలిపి, 12,000 జీ వద్ద 10 నిమిషాలు. పై పొర తీసి మరోసారి క్లోరోఫాం. మధ్య తెల్లపొరను తాకొద్దు, నాలుగోవంతు వదిలేసినా నష్టం లేదు. తీసినదానికి సగం కొలత 5 మోలార్ ఉప్పునీళ్లు, ఆ తరువాత రెండింతలు చల్లటి ఇథనాల్. 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, 50 మైక్రోలీటర్ల టీఈ ద్రావణంలో కరిగించి, ఆర్ఎన్ఏస్-ఏ మి.లీ.కి 10 మైక్రోగ్రాముల చొప్పున వేసి 37 డిగ్రీల వద్ద అరగంట.

చెడేచోట్లు. ఒకటి, క్లోరోఫాం దశలో సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీలకి పెట్టడం. 15 డిగ్రీల కిందకు వెళితే సీటాబే గడ్డకట్టి డీఎన్ఏని పట్టుకుని కూర్చుంటుంది. 20 నుంచి 25 డిగ్రీలే ఉంచాలి. రెండు, ఇథనాల్ వేసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టడం. డీఎన్ఏ కన్నా మిగతా చెత్త ఎక్కువ దిగుతుంది, 20 నిమిషాలు చాలు. మూడు, ముద్దను ఎండబెట్టి ఎండబెట్టి గాజుముక్క చేయడం. అది మళ్లీ కరగదు.

కొలత విషయంలో నానోడ్రాప్ (వెలుగు పీల్చుకోవడాన్ని బట్టి డీఎన్ఏ కొలిచే యంత్రం) అంకెను నమ్మకండి. ఫినాల్స్, ఆర్ఎన్ఏ కూడా 260 నానోమీటర్ల దగ్గరే వెలుగు పీల్చుకుంటాయి. 260/280 సుమారు 1.8 ఉన్నా 260/230 ఒకటి లోపు ఉంటే జిగురు పోలేదన్నమాట. అగరోజ్ జెల్ మీద, కొలత తెలిసిన లాంబ్డా డీఎన్ఏ పక్కన నడిపి చూడండి, లేదా డీఎన్ఏకే అంటుకునే రంగుతో కొలిచే క్యూబిట్ వాడండి.

మీ పీసీఆర్ పలకకపోవడానికి అడ్డుపడే పదార్థాలే కారణమో కాదో తేల్చే సులువైన పరీక్ష ఒకటుంది. బాగా పనిచేస్తుందని తెలిసిన వేరే మొక్క డీఎన్ఏకి మీ డీఎన్ఏ ఒక మైక్రోలీటర్ కలిపి నడపండి. పనిచేసేది కూడా ఆగిపోతే తప్పు మీ నమూనాది. అప్పుడు పదింతలు పలచన చేయండి, లేదా బీఎస్ఏ (అడ్డుపడే పదార్థాలను పట్టుకునే ప్రోటీన్) మైక్రోలీటర్‌కి 0.4 మైక్రోగ్రాములు చేర్చండి.

ఆకు_ఈనె
మెర్కాప్టోఇథనాల్, క్లోరోఫాం రెండూ ఫ్యూమ్ హుడ్‌లోనే. జెల్_గీత గారు చెప్పడం మరిచారు.

జెల్_గీత
అవునండీ, హుడ్ లేకుండా వద్దు.

రేడ్_రంగడు
ఐఎస్ఎస్ఆర్ ఎందుకండీ ఇంకా? డీడీరాడ్ (డీఎన్ఏని రెండు ఎంజైములతో కోసి, ఎంచిన తునకలను సీక్వెన్స్ చేసే పద్ధతి) చేయించండి. మొక్కకి వేల ఎస్ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడా ఉన్న డీఎన్ఏ స్థానాలు) వస్తాయి, కోడామినెంట్ (రెండు ప్రతులూ విడిగా తెలుస్తాయి), రెఫరెన్స్ జీనోమ్ లేకపోయినా స్టాక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. వేల స్థానాలున్నప్పుడు చోటుకి 6 నుంచి 8 మొక్కలతోనే ఎఫ్ఎస్‌టీ (సమూహాల మధ్య జన్యు తేడా కొలత) నిలకడగా వస్తుంది, 30 అక్కర్లేదు.

లెక్కల_మూట
ఎఫ్ఎస్‌టీకి నిజమే. అరుదైన అల్లీళ్లకి కాదు. పైన చెప్పిన 36 శాతం లెక్క ఒక్కో స్థానానికీ వర్తిస్తుంది, స్థానాలు ఎన్ని పెంచినా మొక్కలు పెరగవు కదా. ఈ తీగ విషయంలో పోతున్నది అరుదైన అల్లీళ్లే కావచ్చు. దాని గురించి కింద రాస్తాను.

జెల్_గీత
రంగడు గారి మాటకి ఒక షరతు. డీడీరాడ్‌కి మొక్కకి 100 నుంచి 500 నానోగ్రాముల శుభ్రమైన, విరగని డీఎన్ఏ కావాలి, ఎంజైములు కోసేంత శుభ్రం. ఇప్పుడు నల్లమల_తీగ గారి చేతిలో ఉన్న గోధుమరంగు ముద్దను పంపితే సగం నమూనాలు ఫెయిల్. మొదట డీఎన్ఏని ఎకోఆర్‌వన్ ఎంజైముతో కోసి జెల్ మీద నడపాలి. కోయని డీఎన్ఏ గట్టి పట్టీలా పైన నిలబడుతుంది, కోసినది పొగలా కిందికి సాగాలి. కోసినదీ పట్టీలాగే ఉంటే సీక్వెన్సింగ్ లైబ్రరీకి పంపొద్దు.

రేడ్_రంగడు
ఒప్పుకుంటున్నా. స్టాక్స్ సెట్టింగుల్లో ఎమ్, ఎన్ (తునకల మధ్య ఎన్ని తేడాలు ఒప్పుకోవాలో చెప్పేవి) డీఫాల్ట్‌కి వదిలేయడం కూడా ప్రమాదమే. కొన్ని విలువలు మార్చి చూసి, 80 శాతం మొక్కల్లో దొరికే స్థానాలు ఎక్కడ ఎక్కువవుతాయో అక్కడ ఆపాలి. ఒక్కో ట్యాగ్‌కి (సీక్వెన్స్ అయిన తునకకి) ఒక్క ఎస్ఎన్‌పీయే తీసుకోవాలి, లేకపోతే పక్కపక్కనవి ఒకే సంగతిని పదిసార్లు చెబుతాయి.

నమూనాల సీక్వెన్సింగ్ మన దేశంలోనే చేయించండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద ఇక్కడివాళ్లు ఇక్కడే పరిశోధన చేసుకుంటే పెద్ద అడ్డేమీ లేదు. విదేశీ సంస్థ చేతికి నమూనా గానీ డీఎన్ఏ గానీ వెళ్లేటప్పుడు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప తొక్కాలి.

నల్లమల_తీగ
డబ్బు ఐఎస్ఎస్ఆర్‌కే సరిపోతుంది. అదే చేస్తే ఏ జాగ్రత్తలతో చేయాలి?

జెల్_గీత
చేయండి, సిగ్గుపడే పనేం కాదు. సమూహాల మధ్య పోలికకి అది చాలు. ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాల మధ్య సంకరం) కొలవడానికి మాత్రం చాలదు, పేపర్‌లో ఆ మాట ఎత్తకండి.

యూబీసీ 807, 808, 811, 834, 835, 841 లాంటి ఏజీ, జీఏ పునరావృతాల ప్రైమర్లతో మొదలుపెట్టండి. 25 పరీక్షించి 10 నుంచి 12 ఉంచుకోండి. 20 మైక్రోలీటర్ల పీసీఆర్‌లో డీఎన్ఏ 25 నానోగ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ 2.0 నుంచి 2.5 మిల్లీమోలార్, డీఎన్‌టీపీలు ఒక్కోటి 0.2 మిల్లీమోలార్, ప్రైమర్ 0.5 మైక్రోమోలార్, టాక్ 1 యూనిట్. 94 డిగ్రీల వద్ద 5 నిమిషాలు. తరువాత 35 చక్రాలు: 94 వద్ద 45 సెకన్లు, 50 నుంచి 52 వద్ద 45 సెకన్లు, 72 వద్ద 2 నిమిషాలు. చివర 72 వద్ద 7 నిమిషాలు. అంటుకునే వేడిని ప్రైమర్‌కి ప్రైమర్ గ్రేడియెంట్ పెట్టి తేల్చుకోవాలి. 2 శాతం అగరోజ్, తక్కువ వోల్టేజి, మూడు గంటలు. తొందరపడి 120 వోల్టుల మీద నడిపితే గీతలు నవ్వినట్టు వంకర తిరుగుతాయి, పక్క వరుసతో పోల్చలేరు.

గీతలు చదివేది 300 నుంచి 2,000 బేస్ జతల మధ్య మాత్రమే. ఇద్దరు విడివిడిగా, చోటు పేరు చూడకుండా చదవాలి. వరుస మొత్తం ఖాళీగా ఉంటే అది 'గీత లేదు' కాదు, పీసీఆర్ ఫెయిల్. సున్నాలు వేయకండి, సమాచారం లేదని గుర్తు పెట్టండి. పది శాతం నమూనాలను ఆకు దశ నుంచి మళ్లీ డీఎన్ఏ తీసి నడపండి. అదే ట్యూబ్‌లోని డీఎన్ఏని రెండోసారి నడపడం సరైన పరీక్ష కాదు. రెండుసార్లూ ఒకేలా రాని గీతల్ని తీసేయండి.

లెక్కల_మూట
విశ్లేషణ సంగతి. జెనాలెక్స్ సాఫ్ట్‌వేర్‌లో 999 పర్ముటేషన్లతో అమోవా (వైవిధ్యం సమూహాల మధ్య ఎంత, లోపల ఎంత), మాంటెల్ (దూరంతో జన్యు తేడా పెరుగుతుందా) పరీక్షలు. మొక్కలను జన్యు గుంపులుగా విడదీసే స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్ వాడితే డామినెంట్ మార్కర్ కాబట్టి రిసెసివ్ అల్లీల్స్ ఆప్షన్ ఆన్ చేయాలి, చాలామంది మరిచిపోతారు. బర్న్-ఇన్ (మొదట పారేసే అడుగులు) లక్ష, తరువాత కనీసం రెండు లక్షలు, ప్రతి కే (గుంపుల సంఖ్య) విలువకీ 10 పరుగులు. ఎవానో 2005 డెల్టా-కే పద్ధతి కే=1ని అసలు పరీక్షించలేదు. అంటే మీ కొండలన్నీ ఒకటే సమూహమైనా అది రెండో మూడో అని చెప్పి తీరుతుంది. లైక్లీహుడ్ గ్రాఫ్ కూడా చూపండి.

నీయ్ జన్యు వైవిధ్య సూచిక ఐఎస్ఎస్ఆర్‌లో గరిష్ఠంగా 0.5. ఎస్ఎస్ఆర్‌లో (ఒక్కో స్థానంలో చాలా అల్లీళ్లు చూపే మార్కర్) ఒకటి దాకా పోవచ్చు. కాబట్టి 'ఫలానా మొక్కలో ఎస్ఎస్ఆర్‌తో 0.7 వచ్చింది, మన మొక్కలో 0.25, కనుక మన మొక్క ప్రమాదంలో ఉంది' అన్న వాక్యం రాయకండి. ఎఫ్ఎస్‌టీ నుంచి ఎన్ఎమ్ లెక్కగట్టి 'తరానికి ఇన్ని మొక్కలు వలస పోతున్నాయి' అనడమూ అంతే. ఎఫ్ఎస్‌టీ 0.20 వస్తే ఎన్ఎమ్ 1 అవుతుంది, సూత్రం ఇస్తుంది సరే. కానీ ఆ సూత్రం వేల ఏళ్లుగా సమతౌల్యంలో ఉన్న సమూహాలకి. నిన్నమొన్న గడ్డలు తవ్వేసిన కొండకి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి పేపర్లలో తరచూ వచ్చే ముగింపు 'తవ్వకం ఉన్నా వైవిధ్యం బాగానే ఉంది' అని. అది తప్పక వచ్చే ముగింపు, ఎందుకో చూడండి. ప్రభావక సంఖ్య (తరువాతి తరానికి నిజంగా జన్యువులు ఇచ్చే మొక్కల లెక్క) ఎన్‌ఈ అయితే తరానికి పోయే హెటిరోజైగోసిటీ (రెండు ప్రతులూ వేర్వేరుగా ఉండే వంతు) 1/(2ఎన్‌ఈ). కొండ మీద గింజ కట్టే మొక్కలు 50కి పడిపోయినా తరానికి పోయేది 1 శాతమే. ఇది చాలా ఏళ్లు బతికే తీగ. తవ్వకం ముమ్మరమయ్యాక ఒకటి రెండు తరాలకంటే గడవలేదు. 2 శాతం తగ్గుదలను పది ప్రైమర్లు కాదు, ఏ మార్కరూ పట్టుకోలేదు. పైగా మీరు ఆకులు తీసే ముదురు తీగలు తవ్వకానికి ముందు పుట్టినవి కావచ్చు, అవి చూపేది పాత వైవిధ్యం.

దెబ్బ ముందు కనబడేది రెండుచోట్ల. ఒకటి అరుదైన అల్లీళ్ల సంఖ్యలో. రెండోది మొలకల్లో. అందుకని ముదురు తీగలు 30, అదే చోట లేతమొక్కలు 20, విడివిడి సమూహాలుగా తీయండి. ముదురువాటిలో ఉండి లేతవాటిలో లేని గీతలెన్ని, లేతమొక్కలు ఒకదానికొకటి ఎంత దగ్గరి చుట్టాలు అన్నవి చూస్తే మీ పేపర్‌కి ఆయువుపట్టు దొరుకుతుంది. లేతవి అసలు దొరకని చోట 'దొరకలేదు' అన్నదే ఫలితం, ఎన్ని గంటలు వెతికారో రాయండి.

పాత_షీటు
ఇంకో దారి కూడా ఉంది. హెర్బేరియంలలో పాత షీట్లుంటాయి, తవ్వకానికి ముందు కాలానివి. 5 మి.గ్రా. ఆకు ముక్క చాలు, అనుమతితో, షీటు కవర్‌లో రాలిపడిన ముక్కలే అడగండి. డీఎన్ఏ 100, 150 బేస్ జతల తునకలుగా ఉంటుంది కాబట్టి ఐఎస్ఎస్ఆర్‌కి పనికిరాదు. పొడవాటి గీతలు రావు, లేనివని పొరబడతారు. చిన్న తునకల్లో ఎస్ఎన్‌పీలు చూసే పద్ధతి అయితేనే పనికొస్తుంది. మన పాత షీట్లకి పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు.

మడి_గట్టు
నర్సరీ ప్రశ్న ఎవరూ ముట్టలేదు. నేను చెబుతాను.

ఒక తల్లి తీగ నుంచి వెయ్యి మొక్కలు పెంచినా, తండ్రులు వేర్వేరైతే ప్రభావక సంఖ్య నాలుగు దాటదు. తండ్రి కూడా ఒక్కటే అయితే రెండు. ఈ కుటుంబం మొక్కల్లో పుప్పొడి విడిగా రాలదు, గుత్తిగా పురుగుకు అంటుకుని పోతుంది. కాబట్టి ఒక కాయలోని గింజలకి తండ్రి ఒక్కటే అయ్యే అవకాశం ఎక్కువ. అందుకని ఒక తీగ నుంచి 20 కాయలు కోయడం కన్నా 30, 40 తీగల నుంచి రెండేసి కాయలు కోయడం మేలు. తల్లికి సమాన సంఖ్యలో మొక్కలు ఉంచండి. బాగా మొలిచిన తల్లివే ఎక్కువ నాటితే మళ్లీ మొదటికే వస్తుంది.

కాయ ముదిరి పగిలిందంటే గింజలు గాలికి పోతాయి. పచ్చిదనం తగ్గుతుండగానే పలచటి గుడ్డసంచి కట్టండి. పట్టుకుచ్చు తీసేసి తాజాగా ఉన్నప్పుడే విత్తండి. అడవిలో తల్లికి సగం కాయలైనా వదలాలి.

టిష్యూకల్చర్ మొక్కలు పొలంలో సాగుకి బాగుంటాయి, అడవిలోకి వద్దు. ఒక మొక్క ప్రతులు వెయ్యి నాటడం అది. శేషాచలం గింజ హార్స్‌లీకి తీసుకెళ్లొచ్చా అన్నది మీ ఫలితాలు వచ్చాకే. అందాకా ఏ కొండ గింజ ఆ కొండకే.

నల్లమల_తీగ
మార్కెట్లో ఎండు గడ్డలు కొని వాటి డీఎన్ఏ కూడా చేర్చవచ్చా? నమూనాలు తేలిగ్గా దొరుకుతాయి.

ఆకు_ఈనె
వైవిధ్యానికి పనికిరాదు. ఏ కొండదో వ్యాపారికే తెలియదు, ఒకే మొక్క గడ్డలు పది ఒకే గంపలో ఉంటాయి. కల్తీ ఉందా, మారెడా సుగంధపాలా అని ఐటీఎస్‌తో చూడటానికైతే సరే. అది వేరే పేపర్.

నల్లమల_తీగ
అందరికీ ధన్యవాదాలు. మార్చిన ప్లాన్: ఆరు చోట్లు అంతే, కానీ లంకమల-పాలకొండ జత సిద్ధవటం దగ్గరే. చోటుకి ముదురువి 30, మొత్తం 180. నాలుగు చోట్ల లేతవి 20 చొప్పున 80. మొత్తం 260. పది శాతం పునఃపరీక్ష 26. మూడు 96-గుంటల ప్లేట్లు. సిలికా జెల్ ఒక కిలో తెప్పిస్తున్నాను.

జెల్_గీత
260కి 26 కలిపితే 286. ప్లేటుకొక ఖాళీ కంట్రోల్ (డీఎన్ఏ వేయని గుంట), మూడు. మొత్తం 289, మూడు ప్లేట్లలో ఉన్న గుంటలు 288. పునఃపరీక్ష 24కి తగ్గించండి, 287తో సరిపోతుంది. ఒక చోటు నమూనాలన్నీ ఒకే ప్లేటులో పెట్టకండి, మూడింటిలోనూ కలగలపండి. లేకపోతే ప్లేటుకీ ప్లేటుకీ ఉన్న తేడా కొండకీ కొండకీ ఉన్న తేడాలా కనబడుతుంది.

అడవిదారి
కిలో జెల్ ఎక్కడికి? 180 మొక్కలకి 2 గ్రాముల చొప్పున 360 గ్రాముల ఆకు, పదింతలంటే 3.6 కిలోలు. లేతవాటికి ఒక్క ఆకే తీస్తారు కాబట్టి మరో పావుకిలో. నాలుగు కిలోలు తెప్పించండి. తడిసినది 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, కానీ అడవిలో ఓవెన్ ఉండదు, అందుకని మార్చడానికి ఇంకో కిలో చేతిలో ఉంచుకోండి. లేతమొక్కకి ఉన్నవి నాలుగాకులే అయితే సగం ఆకు చాలు. ఒక్కసారి తీయడానికి ఎండిన ఆకు 20, 30 మి.గ్రా. కన్నా ఎక్కువ మీకు ఎలాగూ అక్కర్లేదు.